మెడ జోలికి వద్దు, వీపు మీద మీ చెయ్యి చాలు

ప్రశ్న: నమస్తే. మాది మర్రిగూడ దిక్కు, ఇప్పుడు నల్లగొండ టౌన్‌ల ఉంటున్నం. మా బాబుకు 5 ఏండ్లు. మూడేండ్లప్పుడు ఆటిజం అన్నరు. మాటలు ఒకటి రెండే. కుక్కర్ విజిల్ వినపడితే చెవులు మూసుకొని ఉరుకుతడు. బరాత్‌ల డీజే మోగితే గోడకు తల కొట్టుకుంటడు. కటింగ్ అంటే ఇల్లు పీకి పందిరి వేస్తడు. రాత్రి 12 అయినా పండడు. హైదరాబాద్‌ల ఒక కైరోప్రాక్టర్ ఉన్నడు, పిల్లల వెన్నుపూస మెల్లగ సర్దితే నరాలన్నీ కుదుటపడ్తయని చుట్టాలు చెప్తే పోయినం. వీపు మీద ఒక మిషన్ తిప్పి, రంగురంగుల బొమ్మ చూపించి, ‘మెడ పైపూస పక్కకు జరిగింది, వేగస్ నరం ఒత్తుకపోయింది’ అన్నరు. 24 సిట్టింగులు, 36,000. ఒకేసారి కడితే 30,000. ఒక్క సిట్టింగ్ అయింది. ఆ రాత్రి బాబు 10 గంటలకే పండుకుండు. కట్టమంటరా? మా అత్తమ్మకు నడుము పట్టేసి వంగలేదు, ఆమెను కూడ ఫ్రీగ చూస్తమన్నరు. – ఒక తల్లి, నల్లగొండ

జవాబు: కట్టకండమ్మా. అత్తమ్మను ఆ బల్ల మీద అసలే పడుకోబెట్టకండి, ఆ సంగతి చివర్లో చెప్తాం. బాబు ఆ రాత్రి 10 గంటలకే పడుకున్నాడన్న మాటను మాత్రం మేం కొట్టిపారేయడం లేదు. పడుకునే ఉంటాడు. అది దేనివల్ల అన్నది తేలితే, మీ 30,000 దేనికి పెట్టాలో కూడా తేలుతుంది.

ముందు వేగస్ నరం సంగతి. ఈ నరం మెదడు అడుగు నుంచి బయలుదేరి, పుర్రె కింది భాగంలో ఉన్న ఒక రంధ్రం గుండా బయటికి వచ్చి, మెడలో పెద్ద రక్తనాళాల పక్కనే దిగి గుండెకు, ఊపిరితిత్తులకు, పొట్టకు పోతుంది. అది వెన్నుపూసల సందుల్లోంచి వచ్చే నరం కాదు. కాబట్టి పూస జరిగి దాన్ని నొక్కింది, మళ్లీ సర్దితే వదిలింది అన్న కథ శరీర నిర్మాణానికే పొసగదు. మెడపూస నిజంగా జరిగి నరాలను నొక్కితే గుర్తులు వేరే ఉంటాయి: చేతుల్లో పట్టు తగ్గుతుంది, నడక తడబడుతుంది, మెడ ఒక పక్కకే వాలిపోతుంది, అప్పటిదాకా ఆపుకునే మూత్రం బట్టల్లో పోతుంది. అలాంటి పిల్లవాడిని అదే రోజు పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి తప్ప 24 సిట్టింగులకు కాదు. ఇవేవీ లేకుండా, కేవలం కుక్కర్ శబ్దానికి పరుగెత్తే పిల్లవాడి మెడలో వెతకాల్సింది ఏమీ లేదు.

కైరోప్రాక్టిక్ 1895లో అమెరికాలోని డేవెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ మొదలుపెట్టిన పద్ధతి. పూసలు కొద్దిగా పక్కకు జరగడం వల్లనే రోగాలు పుడతాయన్నది ఆయన సిద్ధాంతం. పెద్దవాళ్ల నడుము నొప్పికి వెన్ను సర్దడం వల్ల కొంత ఉపశమనం ఉంటుంది. అది ఇంచుమించు వ్యాయామం, ఫిజియోథెరపీ ఇచ్చేంతే. ఆటిజం వేరే లెక్క. అది మెదడు ఎదుగుదలలోనే ఉండే తేడా, చాలావరకు పుట్టకముందే మొదలవుతుంది. శబ్దాలు, తాకిడి, వెలుతురు మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తగలడం ఆటిజంలో భాగమేనని 2013 నుంచి డాక్టర్ల నిర్ధారణ ప్రమాణాల్లోనే రాసి ఉంది. మీ బాబు చెవికి విజిల్ మామూలుగానే చేరుతుంది. ‘ఇది కుక్కరే, పట్టించుకోనక్కర్లేదు’ అని మెదడు దాన్ని పక్కకు నెట్టలేకపోతోంది, అంతే. ఆ పని జరిగేది తలలో. మెడ ఎముకలో కాదు.

ఆ రంగుల బొమ్మ కూడా మిమ్మల్ని భయపెట్టిందని మాకు తెలుసు. వీపు మీద తిప్పే ఆ మిషన్లు కండరాల్లోని చిన్న విద్యుత్తునో చర్మం వేడినో కొలుస్తాయి. పిల్లవాడు భుజం ఎగరేసినా, ఏడ్చినా, కొత్త చోట బిగుసుకున్నా ఎరుపు వస్తుంది. అంతకుముందే ఆటోలో ఎండకు వచ్చి ఉంటే చర్మం వేడి మారుతుంది. పది నిమిషాలాగి మళ్లీ తీయమంటే ఇంకో బొమ్మ వస్తుంది. దాన్నిబట్టి ఆటిజం తీవ్రతను గానీ, నరం ఒత్తుకపోయిందని గానీ చెప్పొచ్చని రుజువు లేదు. ఎక్స్‌రే తీద్దామంటే మాత్రం గట్టిగా వద్దనండి. కారణం లేకుండా పసివాడికి రేడియేషన్ ఎందుకు?

‘మరి బాగైన పిల్లలున్నారు కదా’ అంటారు. ఉన్నారు. చూడాల్సింది ఆ బాగును ఎలా కొలిచారని. ఈ రంగంవాళ్లు చూపించే అధ్యయనాల్లో 2006 నాటిది ఒకటుంది. 14 మంది పిల్లలు. సగం మందికి మెడ పైభాగం మాత్రమే సర్దారు, మిగతా వాళ్లకు మొత్తం వెన్ను. ఏమీ చేయని గుంపు లేనే లేదు. అలాంటప్పుడు పిల్లలు కాలంతో పాటు మారారో, సర్దినందుకు మారారో ఎలా తెలుస్తుంది? ఇలాంటిదే ఇంకో ముచ్చట. 1990ల చివర్లో సెక్రెటిన్ అనే ఇంజెక్షన్ ఇస్తే ఆటిజం తగ్గుతోందని అమెరికాలో తల్లిదండ్రులు ఎగబడ్డారు. 1999లో 60 మంది పిల్లలను తీసుకుని కొందరికి ఆ మందు, కొందరికి ఉత్త ఉప్పునీటి ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. ఏది ఎవరికి ఇచ్చారో తల్లిదండ్రులకు తెలియదు. రెండు గుంపుల్లోనూ పిల్లలు ఇంచుమించు సమానంగానే మెరుగయ్యారు. అసలు విశేషం ఆ తరువాతిది: ఫలితం విప్పి చెప్పాక కూడా 69 శాతం మంది తల్లిదండ్రులు ఆ మందు మాకు కావాలనే అన్నారు. వాళ్లు తెలివి తక్కువవాళ్లు కాదు. బిడ్డ కోసం ఆశ పెట్టుకున్న కన్ను అలాగే చూస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది. మనం కొత్త డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పోతాం? పరిస్థితి బాగా చెడినప్పుడే. చెడిన వారం తరువాత వచ్చేది చాలాసార్లు మామూలు వారమే. ఆ మామూలు వారం లెక్క చికిత్స ఖాతాలో పడుతుంది.

ఇక ఆ ఒక్క రాత్రి. మీరు పొద్దున్నే లేచి నల్లగొండ నుంచి బస్సెక్కి ఉంటారు. చిట్యాల, చౌటుప్పల్, ఎల్బీ నగర్ దాటి పోవడానికి 100 కిలోమీటర్లు, రావడానికి 100. బాబు మధ్యాహ్నం నిద్ర పోయి ఉండడు. అక్కడ ఏసీ గది, సన్నటి వెలుతురు, టీవీ లేదు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. పెద్దమనిషి ఒకాయన అరగంట సేపు వాడి మీదనే దృష్టి పెట్టి వీపు మీద మెల్లగా, గట్టిగా చేతులు వేశాడు. ఇవన్నీ కలిస్తే ఏ పిల్లవాడైనా తొందరగానే పడుకుంటాడు. తాకిడిలో నిజంగా బలం ఉంది. చర్మంలో నెమ్మదిగా కదిలే స్పర్శకు ముఖ్యంగా స్పందించే సన్నని నరపు పోగులున్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో కదిలే చెయ్యి వాటికి బాగా నచ్చుతుంది. అది ఎవరి చెయ్యి అయినా సరే. మీ చెయ్యి ఇంకా మంచిది, దానికి ప్యాకేజీ లేదు.

‘మెల్లగానే చేస్తారు, ప్రమాదమేముంది’ అన్న మాటకూ జవాబు చెప్పాలి. టమాట పండిందో లేదో వేలితో చూసేంత ఒత్తిడే వాడతామని చాలామంది చెప్తారు. అంతవరకే అయితే దెబ్బ తగిలే అవకాశం తక్కువే. భయం ఎక్కడంటే, ఏడో సిట్టింగులోనో తొమ్మిదో సిట్టింగులోనో ‘మార్పు రావడం లేదు, ఒకసారి మెడ తిప్పుదాం’ అన్నప్పుడు. మెడను విసురుగా తిప్పితే మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం చీలడం చాలా అరుదు, కానీ జరిగిన సందర్భాలున్నాయి. ఆ ‘టక్’ మన్న శబ్దం పూస కూర్చున్నందుకు వచ్చేది కాదు, కీలు మధ్య ద్రవంలో గాలిబుడగ ఏర్పడడం వల్ల వచ్చేది. కొందరు చెయ్యి వాడకుండా స్ప్రింగుతో టక్కుమనే చిన్న పరికరం వాడతారు. శబ్దానికి బెదిరే పిల్లవాడి చెవి వెనక దాన్ని మోగించడం ఏం మెల్లదనమో మాకైతే అర్థం కాదు. ఆస్ట్రేలియాలో వాళ్ల సొంత కైరోప్రాక్టిక్ బోర్డే 2019లో రెండేళ్లలోపు పిల్లల వెన్ను సర్దకూడదని ఆంక్ష పెట్టింది. మధ్యలో సడలించి 2024లో మళ్లీ పెట్టింది. మన దగ్గర ఆ వృత్తికి అలాంటి బోర్డే లేదు. తప్పు జరిగితే ఎవరి దగ్గరికి పోతారు?

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో మెడ మొదటి రెండు పూసల మధ్య పట్టు వదులుగా ఉండొచ్చు. వాళ్ల మెడ ఎవరూ ముట్టుకోకూడదు. మూర్ఛ ఉన్న పిల్లలైతే డాక్టర్‌ను అడగకుండా ఏదీ వద్దు. ఆటిజం ఉన్న పిల్లల్లో తిండి విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కొందరు ఉత్త బిస్కెట్లు, తెల్లన్నం మీదనే బతుకుతారు. డి విటమిన్, కాల్షియం తగ్గి ఎముకలు మెత్తబడొచ్చు. పండ్లు, కూరగాయలు అసలే ముట్టని పిల్లల్లో సి విటమిన్ లోపం వచ్చి కాళ్ల నొప్పులతో నడవడం మానేసిన కేసులున్నాయి. అలాంటి ఒంటి మీద ఎముక సర్దుడు పెట్టుకోకూడదు.

బస్సు లెక్క కూడా వేయండి. 24 సార్లు 200 కిలోమీటర్లంటే 4,800. హారన్ మోత, డీజిల్ వాసన, నిలబడ్డ జనం. విజిల్‌కే తట్టుకోలేని పిల్లవాడిని నెమ్మది పరచడానికి 24 సార్లు ఎల్బీ నగర్ చౌరస్తాలో దింపడం అన్నమాట.

ఇప్పుడు మీరు ఇంట్లో చేయగలిగింది. మొదటి పని పిల్లల డాక్టర్ దగ్గర. మాటలు రాని పిల్లవాడికి నొప్పి ఉంటే నొప్పి అని చెప్పడు, తల కొట్టుకుంటాడు. చెవిలో చీము, పుచ్చు పన్ను, మలబద్ధకం ఈ మూడూ చూడమనండి. మలబద్ధకంలో ఒక మోసం ఉంది: గట్టిపడ్డ మలం పక్క నుంచి నీళ్లలా కారుతుంది, ఇంట్లోవాళ్లు విరేచనాలనుకుంటారు. రాత్రి కాళ్లు కదిలిస్తూ, దొర్లుతూ పడుకుంటే రక్తంలో ఇనుము నిల్వ, అంటే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. రోజుకు అర లీటర్ దాటి పాలు తాగే పిల్లల్లో ఇది తరచు తక్కువగా ఉంటుంది. చూపు నిలబెట్టి కాసేపు పిలిచినా పలకకపోవడం కనిపిస్తే ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. అది మొండితనం కాకుండా మూర్ఛ అయ్యుండొచ్చు.

రెండో పని ఒక 20 రూపాయల నోట్‌బుక్. రెండు వారాలు ఏ కొత్త ప్రయత్నమూ చేయకుండా రాయండి. గొడవ చేసిన ప్రతిసారీ నాలుగు ముక్కలు: ఎన్ని గంటలకు, దానికి ముందు అరగంటలో ఏం జరిగింది, ఎంతసేపు, ఎలా ఆగింది. చాలా ఇళ్లల్లో పది రోజులకే ఒక సంగతి బయట పడుతుంది. గొడవ విజిల్ వల్ల అనుకుంటాం, రాసి చూస్తే విజిల్ వచ్చిన ప్రతిసారీ గొడవ లేదు. బడి నుంచి వచ్చి, ఆకలి మీద, ఫోన్ లాక్కున్నాక విజిల్ వస్తేనే గొడవ. అప్పుడు తీసేయాల్సింది విజిల్ ఒక్కటే కాదు, ముందు అన్నం పెట్టాలి.

మూడోది ఒత్తిడి, అంటే అరచేత్తో మెల్లగా నొక్కడం. వాడికి పనిచేసిన ఆ చెయ్యినే మీరు నేర్చుకోండి. రోజుకు మూడు వేళలు పెట్టుకోండి: బడికి పోయే ముందు, బడి నుంచి రాగానే, రాత్రి తిన్నాక. చాప మీద బోర్లా పడుకోబెట్టండి, లేదా మీ రెండు కాళ్ల మధ్య మీకు వీపు చేసి కూర్చోబెట్టుకోండి. చొక్కా ఉండాలి, నూనె వద్దు. నూనెతో చెయ్యి జారుతుంది, వాసన ఇంకో గొడవ. రెండు అరచేతులూ విప్పి భుజాల మీద ఆనించి, మెల్లగా కిందికి నొక్కుతూ ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టండి, అంతే మెల్లగా వదలండి. చెయ్యి పూర్తిగా ఎత్తేయకండి. ఒక చెయ్యి ఆనే ఉండాలి, రెండోది జరగాలి. మాయమై మళ్లీ వచ్చే తాకిడికి ఈ పిల్లలు ఉలిక్కిపడతారు. భుజాల నుంచి దండచేతులు, ముంజేతులు, ఆ తరువాత వెన్నెముకకు రెండు పక్కలా, నడుము, తొడలు, పిక్కలు, అరికాళ్లు. వెన్నుపూసల మీద, మెడ మీద, పొట్ట మీద వద్దు. బలం ఎంతంటే, చపాతీ పిండి కలిపేటప్పుడు మొదట్లో అదిమే బలం కాదు, చివర్లో ముద్దను సర్దే బలం. మొత్తం 5 నుంచి 7 నిమిషాలు.

వాడి ఒళ్లు మీకు చెప్తుంది. భుజాలు దిగితే, ఊపిరి పొడుగైతే, మీరు ఆపగానే మీ చెయ్యి పట్టి మళ్లీ పెట్టుకుంటే, సరిగ్గా చేస్తున్నారు. ఊపిరి బిగపడితే, కాలివేళ్లు ముడుచుకుంటే, జరిగి పోతుంటే ఆపండి. కిలకిల నవ్వుతున్నాడంటే సంబరమనుకోకండి, చెయ్యి తేలికై చక్కిలిగింత పెడుతోందన్నమాట. తేలికపాటి నిమురుడే వీళ్లను ఎక్కువగా రెచ్చగొడుతుంది. తల నిమిరితే విదిల్చుకుంటాడని మీరు బాధపడి ఉంటారు, అది మీ మీద అయిష్టం కాదు. అరచెయ్యి అడ్డంగా చూపిస్తే ‘ఆపు’ అని మొదటి రోజు నుంచే నేర్పండి, చూపించగానే నిజంగా ఆపండి.

మన దగ్గర బాలింత ఇంట్లో ముసలవ్వ పసిబిడ్డను కాళ్ల మీద పండబెట్టుకుని ఒళ్లంతా రుద్ది నీళ్లు పోస్తుంది చూడండి, ఆ చేతులకు ఈ ఒత్తిడి ఎంతుండాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. అయితే చివర్లో చెయ్యీ కాలూ ఎదురెదురుగా లాగి విదిలించడం, మెడ కింద చెయ్యేసి లేపడం మాత్రం వద్దని చెప్పండి.

ఈ ఒత్తే పని ఎక్కడ చెడుతుందంటే, వేళ దగ్గర. పిల్లవాడు అప్పటికే అరుస్తున్నప్పుడు పట్టుకుని నొక్కితే అది బంధించడమే అవుతుంది. అప్పుడు దీపం తగ్గించి, మాటలు ఆపి, తల కింద దిండు పెట్టి, రెండడుగులు దూరంగా కూర్చోవడమే పని. గొడవ తరువాతే రోజూ ఒత్తితే, ఒత్తిడి కావాలంటే అరవాలని నేర్చుకుంటాడు. అందుకే ముందే, అంటే కష్టమైన పనికి 20 నిమిషాల ముందు. ఇద్దరు మనుషులు చేస్తే ఇద్దరూ ఒకే వరసలో చేయాలి.

బరువు పని కూడా ఒత్తిడే. చిన్న బిందెలో సగం నీళ్లు పోసి వాకిట్లోంచి లోపలికి మోయించండి, బియ్యం డబ్బాను నేల మీద నెట్టించండి, పిండి ముద్ద పిసికించండి, గోడను రెండు చేతులతో ‘పడగొట్టు’ అనండి. ఒక్కోసారి 10 నిమిషాలు చాలు. ఊయల ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపితే నెమ్మదిస్తాడు, గుండ్రంగా తిప్పితే రేగుతాడు. మొహం తెల్లబడినా చెమట పట్టినా ఆపండి. బరువు దుప్పట్లని ఆన్‌లైన్‌లో వేలకు అమ్ముతున్నారు, కొనకండి. 2014లో ఆటిజం పిల్లల మీద పరీక్షించి చూస్తే నిద్ర పెరగలేదు, కాకపోతే చాలామందికి అది ఇష్టమైంది. ఇష్టమైతే చాలనుకుంటే మన గొంగడి ఉండనే ఉంది. కాంటా మీద పెట్టి చూడండి. బాబు బరువులో పదో వంతు, అంటే 17 కిలోల పిల్లవాడికి కిలోన్నర కంటే పెద్దగా దాటకుండా మడిచి, మధ్యలో మెత్తటి పాత చీర వేసి, కూర్చున్నప్పుడు ఒడి మీద 15 నిమిషాలు. ఉన్ని గరుకు నేరుగా తగిలితే మొత్తం పని చెడుతుంది. మొహం మీద ఎప్పుడూ వద్దు, నిద్రలో వద్దు, తనంతట తాను తీసేసుకోగలగాలి.

కుక్కర్‌కు ఉపాయం చిన్నది. పొయ్యి మీద పెట్టేముందు వాడికి చూపించి, వాడి చెయ్యి పట్టి ‘మూడు విజిళ్లు’ అని మూడు వేళ్లు చూపించి, వెనక గదిలోకి పంపండి. ఒక్కో విజిల్‌కు ఒక్కో వేలు ముడవండి. శబ్దం కంటే అది ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే వాడిని చంపుతోంది. బరాత్‌లకు చెవులు కప్పే డిఫెండర్లు తీసుకోండి, మంచివి 20 నుంచి 25 డెసిబెల్స్ తగ్గిస్తాయి. డీజే దగ్గర 100 దాటుతుంది కాబట్టి అవి పెట్టుకున్నా వీధి మారాల్సిందే. రోజంతా పెట్టకండి, మామూలు శబ్దాలు కూడా మోతగా తోచడం మొదలవుతుంది.

కటింగ్‌లో తప్పు కత్తెరది కాదు, చాలాసార్లు మెడ వెనక పడి గుచ్చే వెంట్రుక ముక్కలది. మెడ చుట్టూ మెత్తటి తువ్వాల, దాని మీద కవర్, మెడకు పౌడర్, రెండో చొక్కా చేతిలో. మిషన్ వద్దు, కత్తెర చాలు. వారం ముందు నుంచి ఇంట్లోనే అదే స్టూల్ మీద రోజూ రెండు నిమిషాలు కూర్చోబెట్టి దువ్వండి. షాపు తెరవగానే, ఇంకెవరూ లేనప్పుడు పోండి. సగమే అయినా సగంతో ఇంటికి రండి, మిగతా సగం ఎల్లుండి. తలనీలాలకు చెర్వుగట్టు మొక్కో యాదగిరిగుట్ట మొక్కో ఉంటే అమావాస్య రద్దీలో పెట్టుకోకండి, వట్టి రోజు పొద్దున చూసుకోండి. దేవుడేం అనుకోడు.

నిద్రకు: ఇప్పుడు 12 గంటలకు పడుకుంటున్నాడు కదా, 9 గంటలకే పక్క మీద వేసి మూడు గంటలు కొట్లాడకండి. 11:45కు పడుకోబెట్టండి. వెంటనే పడుకుంటే రెండు మూడు రాత్రుల తరువాత 11:30, ఆపైన 11:15. లేచే వేళ మాత్రం మారకూడదు, ఆదివారమైనా సరే. పడుకునే ముందు గంట ఫోన్ లేదు. నిద్రకు వాడే మెలటోనిన్ మందు ఇవ్వాలంటే పిల్లల డాక్టర్ మోతాదు రాయాలి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి.

డబ్బు పెట్టగలిగితే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కు, అంటే రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే నిపుణులకు పెట్టండి. మొదట జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో డీఈఐసీ, అంటే ఎదుగుదల తేడాలున్న పిల్లలను చూసే జిల్లా కేంద్రం గురించి అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల వరకు పిల్లలను అక్కడ ఉచితంగా చూడాలి. ఒకసారి హైదరాబాద్ దాకా పోవాలనుకుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని, మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఏర్పాటైన జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీకి పోండి, ఆ ప్రయాణానికి అర్థముంది. స్పీచ్ థెరపిస్ట్, స్పెషల్ టీచర్, క్లినికల్ సైకాలజిస్ట్ ఎవరైనా సరే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, అడగడం మర్యాద తక్కువ కాదు. ఆటిజం సర్టిఫికెట్ ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాలో చేర్చండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులకు కూడా కొంత పరిమితిలో వస్తుంది.

ఈ థెరపిస్టులు ఆటలు, కదలికలతో శబ్దానికి, తాకిడికి పిల్లవాడిని అలవాటు చేసే సెన్సరీ థెరపీ కూడా మంత్రం కాదు. 2014లో 32 మంది పిల్లలతో 10 వారాల్లో 30 సిట్టింగులు చేసి చూస్తే, ముందే పెట్టుకున్న చిన్న లక్ష్యాల్లో మెరుగు కనిపించింది. 2022లో బ్రిటన్‌లో 138 మంది మీద చేసిన పెద్ద పరీక్షలో చిరాకు, గొడవ తగ్గడంలో మామూలు సేవలకంటే తేడా రాలేదు. కాబట్టి ‘నరాలు బాగవుతాయి’ అనే థెరపిస్ట్ వద్దు. ‘మూడు నెలల్లో కటింగ్‌కు పది నిమిషాలు కూర్చోవాలి’ అని రాసిచ్చి, మీకు ఇంట్లో చేయడం నేర్పే వాళ్లు కావాలి. తలుపు మూసి మిమ్మల్ని బయట కూర్చోబెట్టే చోటికి పోకండి.

చుట్టాల మాట తీసేయలేక ఇంకో రెండుసార్లు పోవాల్సే వస్తే: ముందు డబ్బు కట్టొద్దు, మెడ ముట్టొద్దు, ఎక్స్‌రే వద్దు, మీరు గదిలోనే ఉండాలి, బాబు వద్దంటే ఆరోజుకు అంతే. మందులు, స్పీచ్ ఆపమంటే అక్కడి నుంచే లేచి రండి. అదే నెలలో కొత్త ఆహారం, కొత్త మందు మొదలుపెట్టకండి, దేనివల్ల మారిందో తెలియదు. ఈ సంగతి ఏమీ తెలియని బడి టీచర్‌తో వారానికోసారి ‘ఈ వారం ఎలా ఉన్నాడు’ అని పదికి మార్కులు వేయించండి. మీ నోట్‌బుక్ కంటే ఆ మార్కుల మాట నమ్మండి.

ఇక అత్తమ్మ. ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ నీళ్లు తాగి పెరిగిన మనిషి, వంగలేకపోతోంది అంటున్నారు. ఫ్లోరైడ్ ఎముకల్లో చేరితే అవి చూడ్డానికి చిక్కబడతాయి గానీ పెళుసుబారతాయి. పూసలను కలిపి ఉంచే పట్టీలు గట్టిపడి వెన్ను కర్రలా బిగుసుకుంటుంది, వెన్నుపాము పోయే దారి ఇరుకవుతుంది. ఇలాంటి వెన్నును విసురుగా తిప్పితే ఎముక విరగొచ్చు, కాళ్లు చచ్చుబడొచ్చు. ఆ చిన్నప్పటి బోరునీళ్ల సంగతి అక్కడెవరూ అడిగి ఉండరు. ఫ్రీగా అయినా వద్దు, నరాలు పట్టేవాళ్ల దగ్గర అయినా వద్దు. నల్లగొండ ప్రభుత్వ ఆస్పత్రిలో ఎముకల డాక్టర్‌కు చూపించి, ఏ ఊరి నీళ్లు ఎన్నేళ్లు తాగిందో మీరే ముందు చెప్పి, నడుము, ముంజేయి ఎక్స్‌రే తీయించండి. కాళ్లలో తిమ్మిరి గానీ, నడుస్తుంటే చెప్పు తెలియకుండా జారిపోవడం గానీ ఉంటే ఈ వారమే తీసుకుపోండి.